నీళ్ల లెక్క ఇంటింటికీ చూపించండి: హైదరాబాద్ అపార్ట్‌మెంట్ సంఘాల కమిటీలకు బహిరంగ లేఖ

అధ్యక్షులకు, కార్యదర్శులకు, కోశాధికారులకు, కమిటీ సభ్యులకు నమస్కారం.

మార్చి వచ్చిందంటే మన లిఫ్టుల్లో, వాట్సాప్ గ్రూపుల్లో ఒకే నోటీసు తిరుగుతుంది. "బోరు తగ్గింది. ట్యాంకర్లు తెప్పిస్తున్నాం. నీటిని పొదుపుగా వాడి సహకరించగలరు." కొన్నిచోట్ల పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు మాత్రమే నీళ్లు వదులుతామని ఇంకో వాక్యం. ఆ నోటీసు రాసేవాళ్ల కష్టం నాకు తెలుసు. రాత్రి పదకొండింటికి ట్యాంకరు డ్రైవరుకు ఫోన్ చేసి బతిమాలేది మీరే. సంపు ఖాళీ అయిందని వాచ్‌మన్ వచ్చి తలుపు కొట్టేదీ మీ ఇంటికే. జీతం లేని ఆ చాకిరీ చేస్తున్నందుకు ముందుగా కృతజ్ఞతలు. అయినా ఈ ఉత్తరం రాయక తప్పడం లేదు. ఎందుకంటే ఆ నోటీసు వల్ల నీళ్లు మిగలడం లేదు.

జనానికి బాధ్యత లేదు కాబట్టే మిగలడం లేదని మీటింగుల్లో అంటుంటారు. నేను ఒప్పుకోను. ఇదే జనం కరెంటు విషయంలో గది దాటగానే ఫ్యాను ఆపేస్తారు. గ్యాసు బండ ఎన్నాళ్లొచ్చిందో క్యాలెండర్ మీద రాసుకుంటారు. నెల తిరిగేసరికి కరెంటు మీటరు చూసి, ఇన్ని యూనిట్లని బిల్లు చేతిలో పెట్టి వెళ్తారు కాబట్టి జూన్‌లో ఎంతొచ్చింది, జనవరిలో ఎంతొచ్చింది అన్నది ఇంట్లో అందరికీ తెలుసు. మరి నిన్న మా ఇంట్లో ఎన్ని లీటర్ల నీళ్లు ఖర్చయ్యాయని నన్నడగండి. నాకు తెలియదు. మీకూ తెలియదు. బిల్డింగు మొత్తానికి ఒకే కనెక్షను, ఒకే మీటరు. ట్యాంకర్ల ఖర్చంతా కలిపి చదరపు అడుగుల, అంటే ఎస్‌ఎఫ్‌టీ లెక్కన మెయింటెనెన్సులో వేసేస్తారు. ట్రిపుల్ బెడ్‌రూమ్‌లో ఇద్దరే ఉండే పెద్దవాళ్లు, డబుల్ బెడ్‌రూమ్‌లో ఆరుగురున్న కుటుంబం కంటే ఎక్కువ కడుతున్నారు. తగ్గించి వాడినవాళ్లకు రూపాయి కలిసిరాదు, కుళాయి కట్టేయనివాళ్లకు రూపాయి పెరగదు. ఈ ఏర్పాటు పెట్టుకుని పొదుపు చేయమని అడిగితే ఎవరు మాత్రం ఎంతకాలం చేస్తారు?

అందుకే నా విన్నపం ఒక్కటే. ఎవరింట్లో ఎన్ని నీళ్లు ఖర్చవుతున్నాయో వాళ్లకు చూపించే ఏర్పాటు చేయండి.

మనం వాడేది ఎక్కడి నీళ్లో ఒక్కసారి గుర్తు చేసుకుందాం. గండిపేట నీళ్లు తాగినవాళ్లు హైదరాబాద్ విడిచిపోరని పెద్దలు అనేవారు. 1908 మూసీ వరద తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో కట్టిన ఉస్మాన్ సాగర్, అంటే ఆ గండిపేట చెరువే, 1920లో, హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఊరు పెరిగింది, మంజీరా మీదికి వెళ్లాం, సింగూరు దాకా పోయాం. అదీ చాలక 2004 నుంచి కృష్ణా నీళ్లు, 2015 నుంచి గోదావరి నీళ్లు తెచ్చుకుంటున్నాం. కృష్ణ మీది నాగార్జునసాగర్ వైపు నుంచి వంద కిలోమీటర్లకు పైగా, గోదావరి మీది ఎల్లంపల్లి నుంచి 180 కిలోమీటర్లకు పైగా పైపుల్లో ఎత్తిపోసుకుంటూ వస్తేగానీ మన సంపులో పడవు. 2024 వేసవిలో నాగార్జునసాగర్ నీటిమట్టం బాగా పడిపోయి, నగరం కోసం అత్యవసర పంపింగు పెట్టాల్సి వచ్చింది. ఇంత దూరం నుంచి కరెంటు పోసి తెచ్చిన నీళ్లు ఐదో అంతస్తులో ఫ్లష్ ట్యాంకు రబ్బరు పాడైన కారణంగా రాత్రంతా డ్రైనేజీలోకి పోతుంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

2021 జనవరి నుంచి నగరంలో ఇంటికి నెలకు 20 వేల లీటర్ల దాకా మంచినీళ్లు ఉచితం. డబ్బు కట్టే పని లేకపోవడంతో బిల్లు మీద ఉండే అంకెను చూడటం మానేశామని నాకనిపిస్తుంది. నిజానికి ఆ పథకానికి కూడా మీటరు పనిచేస్తూ ఉండాలన్నది షరతు. 20 వేల లీటర్లంటే నలుగురున్న ఇంట్లో మనిషికి రోజుకు 166 లీటర్లు. నగరాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు చాలని కేంద్రం పెట్టిన ప్రమాణం చెబుతోంది. ఆ లెక్కన నలుగురికి నెలకు 16,200 లీటర్లే కావాలి. మన బిల్డింగుల్లో మున్సిపల్ నీళ్లకు తోడు బోరు, ఆపైన ట్యాంకర్లు కూడా ఉన్నాయి. అన్నీ కలిపి మనిషికి రోజుకు ఎంత పడుతోందో ఏ కమిటీ అయినా చెప్పగలదా?

మీటరు అనగానే వచ్చే మొదటి జవాబు నాకు తెలుసు. "మన బిల్డింగులో కుదరదమ్మా." అందులో కొంత నిజముంది. మన పాత అపార్ట్‌మెంట్లలో ఫ్లాటుకు నీళ్లు ఒకే పైపులో రావు. టెర్రస్ మీది ట్యాంకు నుంచి వంటింటి డక్టులో, అంటే పైపుల కోసం వదిలిన సందులో, ఒకటి, కామన్ బాత్‌రూమ్ డక్టులో ఒకటి, అటాచ్డ్ బాత్‌రూమ్‌లకు ఒకటో రెండో పైపులు దిగుతాయి. 101, 201, 301, 401, 501 ఫ్లాట్ల వంటిళ్లన్నీ ఒకే పైపు మీద ఉంటాయి. అంటే ఒక్కో ఫ్లాటుకు మూడు నాలుగు మీటర్లు పెట్టాలి. డక్టుల్లో మనిషి దూరే చోటుండదు. పై అంతస్తువాళ్లకు ఇంకో భయం. ట్యాంకుకూ వాళ్ల షవరుకూ మధ్య ఎత్తు తక్కువ కాబట్టి ప్రెషరు ముందే అంతంతమాత్రం, చక్రం తిరిగే సాదా మీటరు పెడితే ఇంకా తగ్గుతుంది. బోరు నీళ్ల ఉప్పు పేరుకుని ఆ మీటర్లు కొన్నాళ్లకు మొరాయించడమూ ఉంది. తిరిగే భాగాలు లేని అల్ట్రాసోనిక్ మీటర్లకు ఈ రెండు బాధలూ తక్కువ, కాకపోతే ధర ఎక్కువ. పై అంతస్తులకు అవి, కింద సాదావి పెట్టుకోవచ్చు. ఇవన్నీ ప్లంబరును కూర్చోబెట్టి తేల్చుకోవాల్సిన సంగతులు. మొత్తానికే కుదరదని పక్కన పెట్టేయాల్సినవి కావు.

ఒకేసారి అన్ని ఫ్లాట్లకూ పెట్టే డబ్బు లేకపోతే టెర్రస్ మీద మొదలుపెట్టండి. ట్యాంకు నుంచి కిందికి దిగే ఒక్కో పైపుకు ఒక్కో మీటరు. ఐదంతస్తులు, ఇరవై ఫ్లాట్లు ఉన్న బిల్డింగులో ఇలాంటి పైపులు పన్నెండో పదహారో ఉంటాయి. గోడలు పగలగొట్టే పని లేదు, ఎవరి ఇంట్లోకీ వెళ్లే పని లేదు. రాత్రి పడుకునే ముందు ఒకసారి, తెల్లవారుజామున మోటారు వేయడానికి లేచినప్పుడు ఒకసారి ఆ మీటర్లను ఫోన్‌తో ఫొటో తీయమని వాచ్‌మన్‌కు చెప్పండి. ఆ పని అదనం కాబట్టి అదనంగా డబ్బివ్వండి. అందరూ నిద్రపోయిన వేళ ఏ పైపు మీదైనా మీటరు వందల లీటర్లు తిరిగిందంటే ఆ వరస ఐదు ఫ్లాట్లలో ఎక్కడో కారుతున్నట్టే. ఐదిళ్లు వెతికితే దొరుకుతుంది. ఇప్పుడైతే ఇరవై ఇళ్లలో ఎక్కడని వెతుకుతారు?

తర్వాత ఫ్లాటు ఫ్లాటుకూ మీటర్లు పెట్టినప్పుడు మొదటి నెల నుంచే డబ్బు వసూలు చేయకండి. కొన్ని నెలలు ఊరికే అంకె చూపించండి చాలు. ఆ అంకెను ఫ్లాటు నంబరుతో సహా గ్రూపులో పెట్టి ఎవరినీ తలదించుకునేలా చేయొద్దు. ఎవరి లెక్క వాళ్లకే పంపండి. పసిబిడ్డ ఉన్న ఇల్లు ఉంటుంది, మంచం పట్టిన పెద్దాయన దుప్పట్లు రోజూ ఉతకాల్సిన ఇల్లు ఉంటుంది. అలాంటి ఇంటి అంకె పక్కింటి అంకెతో పోల్చడం అన్యాయం. రేటు పెట్టేటప్పుడు కూడా ఫ్లాటు సైజు చూడకుండా, ఇంట్లో ఎంతమంది ఉన్నారో అడిగి, అవసరానికి సరిపడా నీళ్లు అందరికీ ఒకే ధరకు ఇచ్చి, ఆపైన వాడినదానికే ఎక్కువ వేయండి.

అంకె చేతికొచ్చాక ఇంట్లోవాళ్లు వెతకడం వాళ్లే మొదలుపెడతారు. ముందు చూడాల్సింది ఫ్లష్ ట్యాంకు. చప్పుడు కాకుండా, కంటికి కనబడకుండా నీళ్లు పోయేది అక్కడే. కనిపెట్టడం చాలా తేలిక. రాత్రి పడుకునేముందు ట్యాంకు మూత తీసి, తెల్లబట్టలకు వేసే నీలం నాలుగు చుక్కలు అందులో వేయండి. ఫ్లష్ కొట్టకుండా ఒక అరగంట వదిలేయండి. కింద కమోడ్‌లో నీళ్లు నీలంగా మారితే లోపలి రబ్బరు వాషరు పోయినట్టే. దాని ఖరీదు పెద్దగా ఉండదు, ప్లంబరు వచ్చి పది నిమిషాల్లో మార్చేస్తాడు. పాత ట్యాంకులు ఒక్కో ఫ్లష్‌కు పది లీటర్లు, ఆపైన వదులుతాయి. కొత్తవాటిలో రెండు బటన్లుంటాయి, మూడు లీటర్లకు ఒకటి, ఆరు లీటర్లకు ఒకటి. ఏ బటన్ దేనికో పిల్లలకు ఎవరూ చెప్పరు, అందరూ రెండూ కలిపి నొక్కేస్తారు. పాత ట్యాంకు మార్చే స్తోమత లేనివాళ్లు లీటరు సీసా నిండా నీళ్లు పోసి, మూత బిగించి, లోపలి భాగాలకు తగలకుండా ట్యాంకులో ఒక మూల పెట్టుకున్నా ప్రతి ఫ్లష్‌కు లీటరు మిగులుతుంది.

రెండోది, ఒక్క రూపాయి ఖర్చు లేనిది, యాంగిల్ కాక్. సింకు కింద, వాష్ బేసిన్ కింద గోడకు ఉండే చిన్న తిప్పుడు. బిల్డింగు కట్టినరోజు ప్లంబరు దాన్ని పూర్తిగా తెరిచి వెళ్లిపోతాడు, ఆ తర్వాత దాన్ని ముట్టుకునేవాళ్లు లేరు. కింది అంతస్తుల్లో ప్రెషరు ఎక్కువ కాబట్టి కుళాయి కాస్త తిప్పగానే నీళ్లు దూకుతాయి. మా వంటింటి కుళాయి కింద పెట్టిన పదిహేను లీటర్ల బకెట్టు నిమిషన్నరలో నిండింది. కింది కాక్ సగానికి పైగా తిప్పి మూశాక అదే బకెట్టు నిండటానికి మూడు నిమిషాలు పట్టింది. గిన్నెలు అప్పుడెంత శుభ్రంగా ఉన్నాయో ఇప్పుడూ అంతే. కుళాయి మూతికి బిగించే ఏరేటర్ కూడా ఇదే పని చేస్తుంది, నీళ్లలో గాలి కలిపి ధార పలచబడకుండా చూస్తుంది. 2024 మార్చిలో నీళ్ల కటకట వచ్చినప్పుడు బెంగళూరు జలమండలి అపార్ట్‌మెంట్లలో, హోటళ్లలో వీటిని తప్పనిసరి చేసింది. మన బోరు నీళ్లకు అవి ఉప్పుపట్టి పూడుకుపోతాయని కొందరు తీసి పారేస్తున్నారు. పారేయొద్దు. నిమ్మ ఉప్పు కలిపిన వేడినీళ్లలో రాత్రంతా నానబెట్టి, పాత బ్రష్‌తో రుద్దితే మళ్లీ పనికొస్తాయి.

ఇక తాగేనీళ్లలో ఉప్పు తీసే ఆర్వో గురించి. ఇది ఇళ్లకంటే మీ చేతుల్లో ఉన్న విషయం కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి. ఇళ్లలో ఉండే ఆర్వో మెషిన్ ఒక లీటరు మంచినీళ్లు ఇవ్వడానికి రెండు మూడు లీటర్లు సన్నటి గొట్టంలోంచి సింకులోకి వదిలేస్తుంది. తాగడానికి, వంటకు రోజుకు ఇరవై లీటర్లు వాడే ఇంట్లో నలభై నుంచి అరవై లీటర్లు అలా పోతాయి. నలభై ఫ్లాట్లున్న బిల్డింగులో రోజుకు 1,600 నుంచి 2,400 లీటర్లు. అంటే రెండు మూడు రోజులకు ఒక ఐదు వేల లీటర్ల ట్యాంకరు మన ఆర్వోలే తాగేస్తున్నాయి. ఆ గొట్టాన్ని బకెట్టులో పెట్టి, ఆ నీళ్లతో ఇల్లు తుడవచ్చు, బాత్‌రూములు కడగచ్చు, గిన్నెలు మొదటిసారి తొలవచ్చు. మొక్కలకు రోజూ పోయకండి, వాటిలో ఉప్పు ఎక్కువ.

అయితే అసలు ప్రశ్న ఇంత ఆర్వో మనకెందుకు అన్నది. నీళ్లలో కరిగిన లవణాలు, అంటే టీడీఎస్, లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపుంటే తాగునీటికి మంచిదేనని మన దేశ ప్రమాణాలు చెబుతాయి. అలాంటిచోట ఆర్వో వద్దని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లోనే చెప్పింది. మన హైదరాబాద్ జలమండలి సరఫరా చేసే నది నీళ్లు చాలాచోట్ల ఆ లోపే ఉంటాయి. వాటిని ఉప్పు చేస్తున్నది మనం. మంచినీళ్ల సంపు వేరు, బోరు సంపు వేరు అని బిల్డర్ కట్టి ఇచ్చినా, ఏదో ఒక వేసవిలో ట్యాంకరు పైపు దగ్గరగా ఉందని మంచినీళ్ల సంపులో పోయించేస్తాం. ఆ మరుసటి ఏడాది రెండూ కలిపేసి ఒకే మోటారు పెట్టేస్తాం. అప్పటి నుంచి నలభై ఇళ్లూ ఆర్వో కొనుక్కోవాల్సిందే. సంపులు విడదీయండి, వంటింటి లైనుకు మున్సిపల్ నీళ్లు మాత్రమే వెళ్లేలా చూడండి. ఏడాదికి రెండుసార్లు సంపు, ట్యాంకు కడిగించి, ఆ నీటికి పరీక్ష చేయించి, రిపోర్టు నోటీసు బోర్డు మీద పెట్టండి. నమ్మకం కుదిరితే చాలామంది మామూలు ఫిల్టరుతో సరిపెట్టుకుంటారు.

ఇంకుడు గుంతల సంగతి ఎత్తకుండా ఉండలేను. నీరు, నేల, చెట్ల రక్షణకు వాల్టా చట్టం వచ్చింది 2002లో. బిల్డింగు పర్మిషన్ కోసం గుంత తవ్విన ప్రతిచోటా అది ఇప్పుడు పనిచేస్తోందా? చాలాచోట్ల దాని మీద పూలకుండీలున్నాయి, లేదంటే స్కూటీ స్టాండు ఉంది. లెక్క చూడండి. ఒక చదరపు మీటరు టెర్రస్ మీద ఒక మిల్లీమీటరు వాన కురిస్తే ఒక లీటరు నీళ్లు. హైదరాబాద్‌లో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్లు కురుస్తుంది. ఐదు వేల చదరపు అడుగుల టెర్రస్ అంటే దాదాపు 465 చదరపు మీటర్లు. ఐదో వంతు పోయిందనుకున్నా మూడు లక్షల లీటర్ల దాకా వస్తాయి. ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు అరవై! ఈ నీళ్లే రోడ్డు మీదికి వదిలి, మోకాళ్లలోతు వరదలో బండి నెట్టుకుంటూ, ఆరు నెలలు తిరక్కుండా ట్యాంకరు కోసం లైనులో ఉంటున్నాం. వానలు పడకముందే, మే నెలలో, గుంత మీద పేరుకున్న ఒండ్రు తీయించి, పైపొర ఇసుక మార్పించి, కంకర కడిగించి వేయించండి. టెర్రస్ ఊడ్పించండి. మొదటి వాన నీళ్లు బయటికి పోయేలా ఒక వాల్వు పెట్టించండి. డ్రైనేజీ లైను గుంతకు దగ్గరగా ఉంటే మాత్రం అది సరిచేశాకే నీళ్లు ఇంకించాలి, లేకపోతే బోరు చెడుతుంది.

ఒక మాట మనసులో ఉంచుకోలేక చెబుతున్నాను. నీళ్ల మీటింగు పెట్టినప్పుడల్లా చివరికి నేరం పనిమనిషి మీదికి పోతుంది. కుళాయి ధారగా వదిలి అంట్లు తోముతుందని ప్రతి ఇంటావిడా చెబుతుంది. మన ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లలో చాలామంది ఉండే బస్తీల్లో నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి. తెల్లవారకముందే లేచి, డ్రమ్ముల్లో పట్టి, ఆ తర్వాత మన ఇంటికొస్తారు. నీటి విలువ వాళ్లకు ఒకరు నేర్పక్కర్లేదు. ఐదిళ్లు ముగించాల్సిన మనిషికి ఒక్కో ఇంట్లో అరగంటే ఇచ్చి, సింకులో నానబెట్టడానికి ఒక టబ్బు కూడా పెట్టకుండా, నీళ్లు తగ్గించమంటే ఎలా? ముందు రోజు రాత్రే గిన్నెల్లో మెతుకులు తీసి, నీళ్లు పోసి ఉంచితే పొద్దున తోమడానికి సగం నీళ్లు చాలు. ఆ పని మనదే.

వచ్చే జనరల్ బాడీ అజెండాలో పెయింటింగు, సీసీ కెమెరాలు, పార్కింగు గొడవలు అయ్యాక ఆఖర్న కాకుండా, మొదటి అంశంగా నీళ్లు పెట్టండి. ఓనర్లతోపాటు అద్దెకున్నవాళ్లనూ పిలవండి. చాలా బిల్డింగుల్లో సగం ఫ్లాట్లలో ఉంటున్నది వాళ్లే, రోజూ నీళ్లు వాడేది వాళ్లే, మీటింగులో కుర్చీ మాత్రం వాళ్లకు ఉండదు. టెర్రస్ పైపుల మీటర్లకు ఇద్దరు ముగ్గురి దగ్గర కొటేషన్లు ముందే తెప్పించి ఉంచితే, ఆ రోజే తీర్మానం చేసుకుని వానలు మొదలయ్యేలోగా బిగించేసుకోవచ్చు.

ఇట్లు,
నిజాంపేటలో ఒక అపార్ట్‌మెంట్‌లో ఉంటున్న గృహిణి